అభ్యంతరాలకు పదిహేను రోజులు

బుధవారం ఉదయం ఏడింటికీ పదిన్నరకీ మధ్య ఆఫ్రీన్ ఫోనుకి పంతొమ్మిది పెళ్లి సంబంధాలు వచ్చాయి.

పదకొండున్నరకి ఆమె రేపల్లె రైలు దిగి, తెనాలి పేపరాఫీసు మెట్లెక్కి, ప్రకటనల కౌంటర్ మీద ఆ రోజు పేపరు పరిచింది.

"ఇది వేసింది మీరేగా?"

ఫరూక్ వంగి చూశాడు. సోమవారం తనే తీసుకున్న ప్రకటన. మలేషియాలోని పెనాంగ్‌లో పుట్టి రేపల్లెలో ఉంటున్న ఆఫ్రీన్, ఇరవై నాలుగేళ్లు, భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకుంటోంది. అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. పక్కన ఫొటో, కింద ఫోన్ నంబరు. అక్షరం పొల్లుపోలేదు. పైన శీర్షిక మాత్రం 'వధువులు'.

"అయ్యో!"

"అయ్యో అంటే సరిపోదండి. వేటపాలెం జీడిపప్పు కంపెనీ ఆయన, 'మాకేం అభ్యంతరం లేదమ్మా, పౌరసత్వం సంగతి పెళ్లయ్యాక చూసుకుందాం' అన్నాడు. మా పక్కనే నగరం ఊరి నుంచి ఒకావిడ, 'మావాడికి పాస్‌పోర్టు లేదు, ఫర్లేదా' అంది."

ఫరూక్ నవ్వు ఆపుకోబోయి దగ్గాడు.

"నవ్వండి. శుక్రవారంతో నా పోలీసు రిపోర్టుకి గడువు అయిపోతుంది. ఆలోగా బాపట్ల కలెక్టరేట్‌లో పేపరు కటింగుతో ఫైలివ్వాలి. లేకపోతే మళ్లీ మొదట్నుంచి. ఈ కటింగు పట్టుకెళ్తే పౌరసత్వం ఇవ్వరు, తాంబూలం ఇచ్చి పంపిస్తారు."

ఆమె తండ్రిది పెనాంగ్. పుట్టిన ఏడాదిలోగా పాప పేరు భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయన పోయాక తల్లి జాన్‌బీ ఆరేళ్ల పిల్లతో పుట్టిల్లు రేపల్లె చేరింది. పద్దెనిమిదేళ్లుగా ఏటా నివాస పర్మిట్, ఏటా 'విదేశీయురాలు' అన్నచోట సంతకం. బీఈడీ అయింది. టీచరు పోస్టుకి పరీక్ష రాయాలంటే ముందు ఈ దేశం మనిషి కావాలి.

"రేపటి పేజీ నిండిపోయిందండి. శుక్రవారం వేయిస్తాను, ఫ్రీగా."

"ఫ్రీగా కాదు, సరిగ్గా వేయండి. అసలు మీ ప్రకటన ఫారంలో టిక్కు అక్కడెలా పడింది?"

ఫారంలో 'బహిరంగ ప్రకటనలు' మొదటి వరసలో ఉంది. 'వధువులు' తొమ్మిదో వరసలో ఉంది. ఫరూక్ చెవులు వేడెక్కాయి.

"అప్పుడు నేను ఫారం వైపు చూడట్లేదండి."

"మరెటు చూస్తున్నారు?"

ఫరూక్ కొత్త ఫారం తీసి, మొదటి వరసలో టిక్కు పెట్టాడు. ఆమె పేపరు మడిచి వెళ్లిపోయింది.

శుక్రవారం వాన. తెనాలి స్టేషన్లో ఆఫ్రీన్ రైలు దిగేసరికి ఫరూక్ ఐదు కాపీలు పాలిథిన్ కవర్లో చుట్టి, రెండు టికెట్లతో నిలబడ్డాడు.

"ఒకటి చాలదా?"

"వానకి తడుస్తాయేమోనని."

"మరి బాపట్లకి రెండు టికెట్లెందుకు?"

"తప్పు ఆఫీసుది. చివరిదాకా చూసుకోవాలి కదండీ."

"మీ ఆఫీసుకి బాధ్యత ఎక్కువే."

కలెక్టరేట్‌లో గుమాస్తా బసవేశ్వరరావు కటింగుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"బుధవారం కూడా వేశారుగా? మా ఆవిడ పెళ్లి ప్రకటనలు ఒక్కటీ వదలదమ్మా. ఏదైనా కుదిరిందా?"

"లేదండి," అంది ఆఫ్రీన్.

"ఇంకా చూస్తున్నాం సార్," అన్నాడు ఫరూక్, అదే క్షణంలో.

బసవేశ్వరరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ముద్ర వేసి, రసీదు ఇచ్చాడు. "ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేను. ఓపిక పట్టాలి."

తిరుగు రైలు నలభై నిమిషాలు లేటు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ టీ తీసుకున్నారు.

"పంతొమ్మిదింట్లో మొదటి ఫోను ఎవరిదో చెప్పనా?" అంది ఆఫ్రీన్. "సరిగ్గా ఏడింటికి. తెనాలి నుంచి సైదా ఆంటీ."

ఫరూక్ చేతిలో కప్పు ఆగిపోయింది. "అది మా అమ్మ!"

"అవును. 'మావాడు ఫరూక్, పేపరాఫీసులో ప్రకటనలు చూస్తాడమ్మా. మహా జాగ్రత్తపరుడు. పనిలో ఒక్క తప్పు చెయ్యడు' అన్నారు."

"మీరేమన్నారు?"

"ఫోను అమ్మీకిచ్చేశాను. నిన్న కూడా మాట్లాడుకున్నారు. ఇద్దరికీ అభ్యంతరం లేదట."

"అయితే బుధవారం మీరొచ్చింది..."

"గొడవ ఫోన్లోనూ పెట్టుకోవచ్చు. ఒక్క తప్పూ చెయ్యని మనిషిని ఇంకోసారి చూద్దామని వచ్చాను."

వాన జోరు పెరిగింది. ఆమె రసీదు వైపు చూసింది.

"ఒకవేళ పౌరసత్వం రాకపోతే? ఏటా ఇలా బాపట్ల తిరగాలి."

"రైలుంది కదండీ. పేపర్లు నేను పట్టుకొస్తాను."

"అంటే మీకు అభ్యంతరం లేదా?"

"లేదండి."

"రాతపూర్వకంగా."

మిగిలిన కాపీల్లో ఒకదాని అంచున ఫరూక్ రాశాడు: 'అభ్యంతరం లేదు.' కింద సంతకం, తేదీ. ఆమె ఆ ముక్క చించి, తప్పుల కోసం రెండుసార్లు వెతికి, ఒక్కటీ దొరక్క, తన పాస్‌పోర్టులో పెట్టుకుంది.

ఫోను మోగింది. చీరాల నుంచి ఎవరో. బుధవారం పేపరు ఇప్పుడే చూశారట, అబ్బాయి ఇంజనీరట.

"సారీ అండి," అంది ఆఫ్రీన్. "గడువు అయిపోయింది."