కడిగి ఇచ్చిన గిన్నె

"మాంసం లేని సర్మలే ఎవరు తింటారు? వాడు బతికుండగా ఒక్కసారైనా ముట్టాడా?"

పరాస్కివా పొద్దుట్నుంచి ఇదే మాట అంటోంది. ఆమె చేతులు మాత్రం ఉడికిన క్యాబేజీ ఆకుల్లో పుట్టగొడుగుల కూరు పెట్టి చుడుతూనే ఉన్నాయి.

"అత్తయ్యా, ఇవాళ బుధవారం, ఉపవాసం. మాంసం కలిపితే ఫాదర్ ఆ గిన్నెల మీద ధూపం కూడా వెయ్యడు," అంది స్మరాండ.

"వెయ్యకపోతే మానెయ్యమను. పైన ఆకలితో ఉన్నది ఫాదర్ కొడుకా, నా కొడుకా?"

మరిది పాంపిలియు గుమ్మంలో నిలబడే ఒక సర్మలే నోట్లో వేసుకున్నాడు. "బానే ఉన్నాయే అమ్మా. అన్నయ్య తిడతాడు గానీ తింటాడు."

"చచ్చినవాడి వాటా ముందే మింగకు, వెధవా!"

బల్ల చివర కూర్చున్న స్మరాండ కూతురు ఇలింకా నవ్వింది. ఆమె చేతిలో బూడిదరంగు పెట్టె ఉంది. పెద్దది కాదు, రొట్టెముక్కంత. స్మరాండ ఇంతసేపూ చూస్తున్నది క్యాబేజీని కాదు, ఆ పెట్టెని.

స్మరాండ భర్త త్రాయన్ రెండో సంవత్సరీకం అది. క్రయోవా ఊరంతా ఆశ పెట్టుకున్న లాస్తున్ విమానాల్లో మొదటిదాన్ని నడిపింది అతనే. రెక్కల నమూనా ఒకటే, కాక్‌పిట్ నమూనా ఒకటే, పొడవులు మూడు. తొంభై మందికి ఒకటి, నూట పది మందికి ఒకటి, నూట ముప్పై మందికి ఒకటి. గాలిలో ఉండగా రెక్కను కావాలని ఊపి, దానంతటది సర్దుకుంటుందో లేదో చూసే పరీక్ష అది. ఊపే ఆజ్ఞ, ఆపే ఆజ్ఞ ఆ బూడిదరంగు పెట్టె నుంచే వెళ్తాయి. ఆ రోజు ఊపు ఆగలేదు, విమానం కూలిపోయింది. పైలట్ వేగం మించాడని విచారణ కమిషన్ రాసేసింది. త్రాయన్ అసలు మించే మనిషే కాదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి లాభం లేదు.

రేపు రెండో విమానానికి అదే పరీక్ష. పైలట్ వెనక సీట్లో కూర్చుని మీట నొక్కేది ఇలింకా.

స్మరాండ పనిచేసేది గూఢచారి సర్వీసులో. కాక్‌పిట్ రికార్డింగు ఆమె ఉద్యోగరీత్యా వినాల్సి వచ్చింది. "ఆగడం లేదు," అన్నాడు త్రాయన్, కుళాయి కారుతోందని చెప్పినంత నెమ్మదిగా. ఆ తర్వాత ఇంట్లో వాషింగ్ మెషీన్ ఆఖరి తిరుగుడు తిరిగి అలమరలో గ్లాసులు గలగలలాడినప్పుడల్లా ఆ గొంతు వినిపించేది. ఇప్పుడు ఆమె బట్టలు చేత్తోనే పిండుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ప్రార్థన అయ్యాక అందరూ శ్మశానం గేటు వైపు నడిచారు. స్మరాండ సమాధి దగ్గరే ఉండిపోయింది. పక్క సమాధి ముందు టోపీ పెట్టుకున్న ముసలాయన దగ్గుతూ వంగాడు.

"ఈ గాలికి కొవ్వొత్తి నిలుస్తుందా?"

"చెయ్యి అడ్డం పెడితే నిలుస్తుంది."

సంకేతం కుదిరింది. ముసలాయన దగ్గు ఆగిపోయింది. ఆయన ఆమె పై అధికారి, పేరు తనసే.

"మీసం ఎడమ కొస ఊడింది," అంది స్మరాండ తల తిప్పకుండానే.

తనసే మీసం నొక్కుకున్నాడు. "కందిరీగల ముఠా ఊళ్ళో దిగింది. రేపటి టెస్ట్ వాళ్ళ టార్గెట్. విమానం కూలితే ఆర్డర్లన్నీ రద్దు. మూడు సైజులూ షెడ్డులోనే తుప్పు పడతాయి."

"విమానంలో మా అమ్మాయి ఉంటుంది."

"తెలుసు. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. డెల్ఫినా. కొనే ఎయిర్‌లైన్ ప్రతినిధి వేషం. వాళ్ళ మనిషని వాళ్ళనుకుంటారు, పనిచేసేది మనకి. కరకాల్ దగ్గర పల్లెటూరు, పద్దెనిమిదేళ్ళొచ్చేదాకా నానమ్మ పెంచింది, ఆ తర్వాత విదేశాలు. మధ్యాహ్నం మీ ఇంటికొస్తుంది. నీ కూతుర్ని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. ఆమెని అనుమానించకు."

"నా ఉద్యోగమే అది కదండీ."

"ఇవాళ్టికి సెలవనుకో."

మధ్యాహ్నం పెరట్లో బల్లలు వేశారు. పరాస్కివా ఒక్కొక్కరికీ కొత్త గిన్నెలో సర్మలే, పక్కన తీపి గోధుమల కొలివా, రొట్టెలో గుచ్చిన కొవ్వొత్తి పెట్టి చేతికిస్తోంది. "మా త్రాయన్ ఆత్మకి." "దేవుడు అతనికి చేర్చాలి," అంటూ ఇరుగుపొరుగు అందుకుంటున్నారు.

డెల్ఫినా ఆలస్యంగా వచ్చింది. నల్లగౌను, ఎర్ర మడమల బూట్లు. బూట్లు బురదలో దిగబడినా నడక చెదరలేదు. పాంపిలియు లేచి నిలబడి కుర్చీ తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"నానమ్మ గుర్తొస్తోంది," అంది గిన్నె అందుకుంటూ. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. తర్వాత ఇలింకా పక్కన చేరింది. "ఆ పెట్టె ఇంట్లోనే పెట్టుకుంటారటగా?"

"స్టోర్‌లో పెడితే పదిమంది ముట్టుకుంటారండీ. నాన్న నమ్మి అక్కడే పెట్టేవాడు. నేను పెట్టను."

"మంచి పని," అంది డెల్ఫినా.

స్మరాండ ఆ మాట విన్నది. కానీ ఆ రోజు ఆమెకి సెలవు.

మర్నాడు తెల్లవారగానే ఎయిర్‌ఫీల్డ్ దారి తనిఖీ చెయ్యడానికి ఆమె బయల్దేరింది. వంతెన, పొలాల గట్లు, కంచె, ఎక్కడా ఏమీ లేదు. పొగమంచు మాత్రం నేలనంటుకుని ఉంది. కాఫీ తాగి వెళ్దామని ఇంటికొచ్చేసరికి ఇలింకా కంపెనీ బస్సులో వెళ్ళిపోయింది. వంటింటి బల్ల మీద ఒక గిన్నె బోర్లించి ఉంది. పరాస్కివా దాని కేసి చూస్తూ కూర్చుంది, ముట్టుకోలేదు.

"ఈ గిన్నె ఎక్కడిది అత్తయ్యా?"

"నిన్న వచ్చిందే, ఆ సోకులాడి, పొద్దున్నే తెచ్చిచ్చింది. కడిగి మరీ! వద్దమ్మా, అది వాడిది, ఉంచుకో అన్నాను. 'ఇంత మంచి గిన్నె ఊరికే ఎలా ఉంచుకుంటాను ఆంటీ' అంది. చూడు స్మరాండా, నా కొడుకు నోట్లో ముద్ద లాక్కున్నట్టుంది నాకు."

స్మరాండ నిలబడిపోయింది. చనిపోయినవాళ్ళ పేర ఇచ్చిన గిన్నె వెనక్కి రాదు. గిన్నె వెనక్కొస్తే పైనున్నవాడికి పెట్టిన తిండీ వెనక్కొచ్చినట్టే. ఇక్కడి ఒల్తేనియా ప్రాంతమంతటా ఏ పల్లెలోనైనా మాటలు నేర్వని పిల్లకి కూడా ఇది తెలుసు. కరకాల్ దగ్గర నానమ్మ చేతిలో పెరిగిన ఆడపిల్లకి తెలియకపోవడం ఉండదు.

"లోపలికి వచ్చిందా?"

"మంచినీళ్ళడిగింది. తెచ్చేలోగా నడవలో నిలబడింది."

"ఇలింకా?"

"స్నానానికెళ్ళింది."

"పెట్టె ఉన్న దాని సంచీ?"

"నడవలోనే ఉంది. ఏమైందే? అలా చూస్తావేం?"

స్మరాండ అప్పటికే ఫోన్ తీసింది. "తనసే గారూ, విమానం ఆపించండి."

"కారణం?"

"డెల్ఫినా గిన్నె తిరిగిచ్చింది."

"మంత్రిగారు దారిలో ఉన్నారు స్మరాండా. ఆయనకి గిన్నె గురించి చెప్పమంటావా?"

"సంవత్సరీకం గిన్నె."

"కడిగి ఇచ్చిందా?"

"కడిగి, తుడిచి."

"మా అమ్మయితే గుమ్మంలోనే చెంప పగలగొట్టేది," అన్నాడు తనసే. గొంతు మారిపోయింది. "అసలైన డెల్ఫినా ఏమైందో... ఈమెవరో... విమానం లేచిపోయింది స్మరాండా! టెస్ట్ నడుస్తుంటే కంట్రోల్ గదిలో ఫోన్ తీసి పక్కన పడేస్తారు. నేనింకా దూరంలో ఉన్నా. గేటు తెరిపిస్తా. పరిగెత్తు!"

పాంపిలియు వ్యాన్ నిండా మార్కెట్‌కి వెళ్ళాల్సిన సీమదానిమ్మ బుట్టలు. వాటితోనే బయల్దేరారు. మలుపు తిరిగినప్పుడల్లా కాయలు వెనక దొర్లాయి, వ్యాన్ గడగడ వణికింది. స్మరాండ కళ్ళు మూసుకుంది. *ఆగడం లేదు*, అన్నాడు త్రాయన్, పక్క సీట్లో ఉన్నట్టే.

"వదినా, బ్రేకు కొంచెం..."

"బ్రేకు గురించి నాకు చెప్పకు. యాక్సిలరేటర్ తొక్కు."

కంట్రోల్ గదిలో ఇంజనీర్లంతా తెర మీద పాకుతున్న ఆకుపచ్చ గీతని చూస్తున్నారు. అతిథుల కుర్చీలో కాలు మీద కాలేసుకుని డెల్ఫినా. స్పీకర్లోంచి ఇలింకా గొంతు స్పష్టంగా వస్తోంది. "ఎత్తు సరిపోయింది. అనుమతి కావాలి."

"అనుమతి ఇచ్చాం," అన్నాడు చీఫ్ ఇంజనీర్.

తలుపు తోసుకుని స్మరాండ లోపలికొచ్చింది. ఇద్దరి చూపులూ కలిశాయి. డెల్ఫినా ఒళ్ళో ఉన్న సెంటుబుడ్డి మూత మీద ఆమె బొటనవేలు దిగింది. స్పీకర్ బుస్సుమంది. ఇలింకా గొంతు ఆగిపోయింది.

"రేడియోకేమైంది?" చీఫ్ మీటలన్నీ తిప్పుతున్నాడు. "ఎవరమ్మా మీరు? ఇక్కడికెలా వచ్చారు?"

స్మరాండ జవాబివ్వలేదు. గాలి పీల్చి చూసింది. బుడ్డి నొక్కినా సెంటు వాసన లేదు. రెండడుగుల్లో ముందుకు దూకి బుడ్డి లాక్కుని చీఫ్ బల్ల మీదున్న టీ కూజాలో ముంచేసింది. చిన్న చిటపట, పొగ. స్పీకర్లో బుస ఆగింది.

"...వేగం చేరాం. రెక్క ఊపుతున్నా. మూడు, రెండు..."

స్మరాండ చీఫ్ ముందున్న మైకు లాక్కుంది. "ఇలింకా, చెయ్యి తియ్యి! అమ్మని. పెట్టె మారిపోయింది!"

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఏ మాట రాబోతోందో స్మరాండకి తెలుసు. రెండేళ్ళుగా రోజూ వింటున్న మాట. చెవులు మూసుకోవడానికి ఆమె చేతులు లేచాయి.

"తీశాను," అంది ఇలింకా, కుళాయి కట్టేశానని చెప్పినంత నెమ్మదిగా. "తీగ కూడా పీకేశాను. వెనక్కొస్తున్నాం." ఒక క్షణం ఆగి, "అమ్మా, రేడియోలో నువ్వేంటి? బయటివాళ్ళు మాట్లాడకూడదు," అంది.

ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. డెల్ఫినా తలుపు దాకా వెళ్ళింది. స్మరాండ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎలా పట్టుకున్నావ్?" అంది డెల్ఫినా. భయం లేదు ఆ గొంతులో, అవమానం ఉంది. "ఆ పల్లెలో వీధులు నేర్చుకున్నా, పాటలు నేర్చుకున్నా, ఆ ముసలి నానమ్మ దగ్గు కూడా నేర్చుకున్నా. ఎక్కడ తప్పాను?"

"గిన్నె కడిగావు."

"శుభ్రంగా తిరిగివ్వడం తప్పా?"

"చాలా మంచి అలవాటు. జైల్లో పనికొస్తుంది."

పెట్టె విప్పి చూస్తే ఊపు ఆపే ఆజ్ఞని అడ్డుకునే ఎలక్ట్రానిక్ బిళ్ళ ఒకటి దొరికింది. స్మరాండ అక్కడితో ఊరుకోలేదు. మొదటి విమానం శిథిలాలుంచిన షెడ్డు తెరిపించింది. కాలిన పెట్టెని రెండేళ్ళలో ఎవరూ విప్పలేదు. తప్పు పైలట్‌దని ముందే తేలిపోయింది కదా! అందులోనూ అదే బిళ్ళ, సగం కరిగి ఉంది. తనసే దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు.

"త్రాయన్ తప్పేమీ లేదు," అన్నాడు. "కానీ ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. ముఠా పెద్దలు ఇంకా బయటే ఉన్నారు. మన స్టోర్‌లోనే మార్చారని తెలిస్తే కొనేవాళ్ళు పారిపోతారు. ఓ మూడేళ్ళు ఓపిక పట్టు. ఇది ఆర్డర్."

"మా అత్తయ్యకి ఎనభై రెండేళ్ళు."

తనసే ఆ బిళ్ళని కవర్లో వేసి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మరో పెట్టెతో ఇలింకా మళ్ళీ ఎగిరింది. స్మరాండ కంచె బయట నిలబడి చూసింది. రెక్క ఊగింది. సర్దుకుంది.

సాయంత్రం నలుగురూ చిక్కుడుగింజల సూపు ముందు కూర్చున్నారు. పాంపిలియు వ్యాన్ నడిపిన వైనం చెబుతున్నాడు. ప్రతి మలుపుకీ వేగం పెరుగుతోంది. ఇలింకా అలిసిపోయి రొట్టె తుంపుతోంది. త్రాయన్ కుర్చీ ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. దానివైపు చూడకుండా దాని చుట్టూ తిరగడం ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

స్మరాండ చెంచా పక్కన పెట్టింది.

"త్రాయన్ వేగం మించలేదు. అతని పెట్టె కూడా మార్చారు. నా కళ్ళతో చూశాను."

పాంపిలియు మాట మధ్యలో ఆగింది. ఇలింకా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"ఈ మాట ఎవరికీ చెప్పొద్దని నాకు ఆర్డరుంది. మీకు చెప్పడం కూడా తప్పే. రేపు బుఖారెస్ట్ వెళ్తున్నా. విచారణ మళ్ళీ తెరవమని కమిషన్ ముందే అడుగుతా. ఉద్యోగం పోతుంది."

పరాస్కివా తలగుడ్డ అంచుతో మూతి తుడుచుకుంది, తర్వాత కళ్ళు.

"రైలు ఎన్నింటికి?" అంది.

"పొద్దున్నే అత్తయ్యా. మీరు లేవక్కర్లేదు."

"లేవకపోతే రైలెలా ఎక్కుతాను? వాణ్ణి కన్నది నేను, కమిషన్ కాదు."