చెమట పట్టిన సిలిండర్

చీఫ్ టేబుల్ మీద మూడు ఫోటోలు పరిచాడు.

మొదటి దాంట్లో ఒకాయన కారు స్టీరింగ్ మీద తల వాల్చేసి ఉన్నాడు. చూస్తే నిద్రపోతున్నాడనుకుంటాం. గ్యాస్ లేబరేటరీ సైంటిస్టు, పోయి నాలుగు రోజులైంది. రెండోది ఓ గోడౌను, నేల నుంచి కప్పు దాకా సిలిండర్లు. మూడో ఫోటో చూసి ఏజెంట్ పానా కుర్చీలో కదిలాడు.

అది అతని బావ ఫోటో. సొంత అక్క మొగుడు.

"తెలుసా?" అన్నాడు చీఫ్.

"ఎనిమిదో క్లాసులో నేను బడి మానేస్తే, చేతికి పానా ఇచ్చి ఏసీ పని నేర్పింది ఆయనే సార్."

"అందుకే నిన్ను పిలిచాను."

బ్రీఫింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. ఫ్రిజ్‌ల్లో, ఏసీల్లో వాడే పాత గ్యాస్ ఆకాశంలో చేరి భూమిని ఉడికిస్తోందని రెండేళ్ళ కిందట దాన్ని నిషేధిస్తూ రూల్ వచ్చింది. ఆ రూల్‌కి ఆధారం చచ్చిపోయిన సైంటిస్టు రిపోర్టే. బయటి దేశపు ముఠా ఒకటుంది, ఫైల్లో దాని పేరు సిండికేట్. వాళ్ళ దగ్గర పాత గ్యాస్ గుట్టలుగా పడి ఉంది, కొనే దేశం లేదు. అందుకని ఇక్కడి రూల్ రద్దు చేయించడానికి సభలో బిల్లు పెట్టించారు. ఓటింగ్ ఇవాళే, పదకొండున్నరకి. బటన్ నొక్కే సీక్రెట్ ఓటు. సిండికేట్ లెక్కలో వాళ్ళకి ఇద్దరు తక్కువ పడుతున్నారు.

"ఆ ఇద్దరూ లొంగలేదు. అందుకని ఏకంగా హాలునే లేపేద్దామనుకుంటున్నారు," అన్నాడు చీఫ్.

దాని బదులు వచ్చిన కొత్త గ్యాస్‌కి నిప్పంటుకునే గుణం ఉంది. పద్ధతిగా వాడితే భయం లేదు. కానీ సభలోనే పేలిందనుకోండి, మిగిలిన సభ్యులు వారం తిరక్కుండా రూల్ చింపి పారేస్తారు. సభ ప్లాంటు రూములోకి లెక్కకి మించి సిలిండర్లు వెళ్ళాయి. గేట్ పాస్ మీద సంతకం హెడ్ మెకానిక్‌ది. అంటే బావది.

"ఆయన అలాంటోడు కాదు సార్."

"ఎవరూ అలాంటోళ్ళు కాదు పానా. మనకి పని పడేది అక్కడే."

ఈసారి వేషం అక్కర్లేకపోయింది. పాత ఖాకీ చొక్కా, టూల్ బ్యాగు. చొక్కా గుండీలో కెమెరా, చెవిలో బియ్యపు గింజంత వైర్‌లెస్. సభ కారిడార్‌లో నల్ల కళ్ళద్దాల మనిషి ఒకావిడ ఎదురైంది. సభ న్యాయ సలహాదారు, అందరికీ మేడమ్. రద్దు బిల్లు రాసిన చెయ్యి ఆవిడదే. సిండికేట్ జీతం తింటూనే సిండికేట్ కబుర్లు చీఫ్‌కి మోస్తుంది. ఆవిడ సెంటు ఆవిడ కంటే ముందొస్తుంది.

"ఈ హాల్లో చలెక్కువ," అన్నాడు పానా.

"శాలువా తెచ్చుకున్నాను," అంది మేడమ్. కోడ్ కలిసింది. "ఎలా చేస్తారో నాకు చెప్పలేదు. ఓటు వేళకి మాత్రం హాల్లో ఉండొద్దన్నారు."

పానా మెట్లు దిగి ప్లాంటు రూముకెళ్ళాడు. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఇంట్లో అందరికీ తెలిసినంతవరకు పానా ఓ సర్కారు గోడౌన్లో గుమాస్తా.

"ఏం బామ్మర్దీ, గోడౌన్లో ఎలుకలు అయిపోయాయా? ఇటొచ్చావు?"

మిషన్ చూసి పోదామని వచ్చానన్నాడు పానా. బావ గొణుగుడు మొదలుపెట్టాడు. పొద్దున్నే టై కట్టిన ఇంజనీరు ఒకడు స్పీకర్ ఆఫీసు ముద్ర వేసిన కాగితం పట్టుకుని దిగాడట. సిలిండర్లకి ఇక్కడ సంతకం పెట్టమన్నాడట, తను పెట్టాడట. మేడ మీద ఫ్యాన్లు చూసి రమ్మని తనని తరిమాడట. గంట ఎండలో నిలబడి తను ఇప్పుడే దిగాడట. ముద్ర ఉన్న కాగితాన్ని ఎదిరించడానికి తనెవడన్నాడు.

పానా ఆ మాటలు వింటూ ముఖం చూస్తున్నాడు. నిజమే చెబుతున్నాడా? పదేళ్ళు మనుషుల్ని అనుమానించి బతికితే, అన్నం పెట్టిన ముఖంలో కూడా ఏదో కనిపిస్తుంది.

అప్పుడే అతని కళ్ళు మూలనున్న సిలిండర్ మీద పడ్డాయి. సిలిండర్‌కి చెమట పట్టింది. కింద సగం మీద నీటి బొట్లు.

పని నేర్చుకున్న మొదటి రోజే బావ చెప్పాడు. గ్యాస్ బయటికి పోతుంటే సిలిండర్ చల్లబడి చెమట పడుతుంది. ఇక్కడ మిషన్ ఆగి ఉంది. మరి గ్యాస్ ఎటు పోతోంది?

అడిగేలోపే బావ పరిగెత్తాడు. గుమ్మం వైపు కాదు, సిలిండర్ వైపు. వాల్వు పిడి విరగ్గొట్టేసి ఉంది. మంచు కట్టిన వాల్వును ఉత్త చేత్తో పట్టుకుని తిప్పి మూశాడు. చెయ్యి వెనక్కి తీసేసరికి అరచేతి తోలు దానికే అంటుకుపోయింది. పానా ఇంక అనుమానించలేదు. సిగ్గుపడటానికి టైము లేదు.

సిలిండర్ నుంచి రబ్బరు పైపు కప్పులోని కంతలోకి పోయింది. పైన హాలు. ఆ హాలు నేల కింది ఖాళీలో గంట నుంచీ గ్యాస్ నీళ్ళలా పరుచుకుంటోంది. బరువైన గ్యాస్, వాసన లేదు.

టైము పదకొండూ ఇరవై రెండు. పానా చెవిలో చీఫ్ గొంతు. "మెయిన్ స్విచ్ ఆపెయ్."

"ఆపితే అక్కడే నిప్పురవ్వ లేస్తుంది సార్."

"అయితే అలారం కొట్టు."

"ఆ వైరూ హాలు నేల కిందే ఉంది సార్."

హాల్లోకి ఫోన్లు ఎలాగూ రానివ్వరు. బావ చెయ్యి చంకలో నొక్కుకుని పైకి చూశాడు.

"ఓటు బటన్ల పెట్టెలు కూడా అక్కడే బామ్మర్దీ. ఒక్కడు నొక్కితే చాలు."

వెనక గోడ తలుపులు చేత్తో ఊడబీకి గాలి వదలమని బావకి చెప్పి పానా మెట్లెక్కి పరిగెత్తాడు. మేడమ్ అప్పటికే హాలు నుంచి బయటికొస్తోంది. విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. స్పీకర్‌కి చీటీ ఇవ్వాలి. బటన్లు వద్దు, చేతులెత్తించాలి. గ్యాస్ అని అరిస్తే తోపులాటలో ఏదో ఒక బటన్ నొక్కుకుపోతుంది.

"ఇప్పుడు లోపలికెళ్తే నేనెవరి మనిషినో వాళ్ళకి తెలిసిపోతుంది. నా పని అయిపోయినట్టే."

"వెళ్ళకపోతే లోపలున్న నూట ఇరవైమంది పని, కింద మా బావ పని అయిపోతుంది."

మేడమ్ కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లని వలయాలు. ఒక్క క్షణం నేల చూసింది. తర్వాత చీటీ రాసుకుంటూ లోపలికెళ్ళింది.

తలుపు అద్దంలోంచి పానా చూస్తున్నాడు. పదకొండున్నర. ముందు వరుసలో బట్టతల సభ్యుడు అప్పుడే బటన్ మీద వేలు పెట్టాడు. నొక్కడానికి ముందు ఆవలించాడు. ఆ ఆవలింతే అందర్నీ బతికించింది.

"బటన్లు ముట్టుకోవద్దు," అంది స్పీకర్ గొంతు. "మిషన్ చెడింది. చేతులెత్తండి."

బట్టతలాయన వేలు వెనక్కి తీశాడు.

పానా గోడకి ఆనుకున్నాడు. లోపల చేతులు లెక్కపెడుతున్నారు. ముందు వరుసలో బిల్లు పెట్టిన నాయకుడు కుర్చీలోనే వెనక్కి తిరిగి, ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేదు, ఒక్కొక్క ముఖమూ చూస్తున్నాడు. మొదట దించి ఉన్న చేతులు ఆయన చూపు తగలగానే ఒకటొకటిగా లేచాయి. ఇద్దరు తక్కువ పడాల్సిన చోట నలుగురు ఎక్కువయ్యారు. రూల్ రద్దయింది. బల్లలు చరిచారు.

మేడమ్ బయటికొచ్చింది.

"గ్యాస్ బదులు ఈ చీటీ పంపినా వాళ్ళ పని జరిగిపోయేది," అంది. వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

బావ ఊడబీకిన తలుపుల్లోంచి గ్యాస్ బయటికి పోయింది. టై ఇంజనీరు గేటు దగ్గర దొరికాడు. బావ మెట్ల మీద కూర్చుని, నర్సు చేతికి కట్టు కడుతుంటే పానా చొక్కా వైపే చూస్తున్నాడు.

"గోడౌన్ గుమాస్తాకి గుండీలో కెమెరా ఎందుకురా?"

పానా గుండీ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అక్కకి చెప్పొద్దన్నాడు.

"నువ్వు నన్ను పట్టుకోడానికే వచ్చావు కదూ," అన్నాడు బావ, కోపం లేకుండా. కోపం ఉంటే బాగుండేది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "అయితే రేపట్నుంచి మళ్ళీ పాత గ్యాసే ఎక్కించాలన్నమాట?"

చెవిలో చీఫ్ గొంతు ఉత్సాహంగా ఉంది. "శభాష్ పానా. రిపోర్టు రాస్తున్నాను. కుట్ర భగ్నమైంది, అంతేగా?"

లోపల బల్లల చప్పుడు ఇంకా ఆగలేదు.

"ఒకటైతే అయింది సార్," అన్నాడు పానా.