జాయింట్ మీద స్తంభం

"హాలు ఖాళీ చేయించు. మీటింగ్ రద్దు." చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు.

ఏజెంట్ పిడుగు నేల తుడిచే మిషన్ ఆపలేదు. ఈ కాన్ఫరెన్స్ సెంటర్‌లో మూడు రోజులుగా క్లీనింగ్ సూపర్‌వైజర్ వేషం. బాంబు పెట్టారన్నది ఖాయం, ఎక్కడన్నదే తెలియదు. టైమ్ తొమ్మిదీ యాభై ఐదు. పదింటికి రెండు దేశాలు యుద్ధఖైదీల విడుదల మీద సంతకాలు చేయాలి. ఆ ఖైదీల్లో పిడుగు తమ్ముడు ఒకడు.

"ఇవాళ లేచిపోతే వీళ్లు మళ్లీ ఒక బల్ల దగ్గర కూర్చోరు సార్. బాంబు పెట్టినవాళ్లకి కావాల్సిందీ అదే. ఖాళీ చేయించను."

"ఇది ఆర్డర్!"

పిడుగు రిసీవర్ ఆపేశాడు.

నెమలి పక్కకొచ్చింది. హాలుకు ఇంటీరియర్ డిజైనర్, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, మన ఏజెంటే. రెండు పడవల మీద కాళ్లు పెట్టిందని మాత్రం అనుమానం.

"బాంబు కింద పార్కింగ్‌లో ఉంది. పరుగెత్తు!"

పిడుగు రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేల మీద ఇత్తడి పట్టీ హాలుకు అడ్డంగా సాగుతోంది. ఎండకు భవనం ఒళ్లు విరుచుకోవడానికి వదిలిన సందు మీది మూత అది. నున్నటి పాలరాతి స్తంభం ఒకటి సరిగ్గా దాని మీదే నిలబడి ఉంది.

"ఇదెవరు పెట్టించారు?"

"నేనే. అందం కోసం."

"ఎక్స్‌పాన్షన్ జాయింట్ మీదా?"

"జాయింటా? అంటే?"

తాపీమేస్త్రీ కొడుకైన పిడుగుని అడగకూడని ప్రశ్న అది. కదిలే సందు మీద నిజమైన స్తంభం ఎవరూ నిలబెట్టరు. పిడుగు మిషన్‌ను స్తంభానికేసి గుద్దాడు. పాలరాయి అట్టముక్కలా చిరిగింది. లోపల ఎర్రటి అంకెలు: 00:19.

నెమలి లిప్‌స్టిక్ మూత తీసింది. అందులోంచి సూది దూసుకొచ్చి పిడుగు అడ్డం పెట్టిన బకెట్‌లో దిగబడింది. అదే బకెట్ ఆమె నెత్తిన బోర్లించి, అతను స్తంభంలోకి చెయ్యి పెట్టాడు. భయం వేసింది. గట్టిగానే వేసింది. తమ్ముడి మొహం కళ్ల ముందు మెదిలింది.

"నీ తాత దిగొచ్చినా సరే, ఇవాళ పేలనివ్వను!"

డిటొనేటర్ ఊడి చేతికొచ్చింది. 00:01.

పదింటికి సంతకాలయ్యాయి. పదీ ఐదుకి చీఫ్ ఊగిపోతూ వచ్చాడు.

"నా ఆర్డర్ ఎందుకు వినలేదు?"

"సిగ్నల్ అందలేదు సార్," అన్నాడు పిడుగు వినయంగా. "ఆర్కిటెక్ట్ గోడలు మరీ మందంగా కట్టించాడు."