టేకు పలకల మీద గీతలు

అత్వెల్లిలో సుచిత్ర అద్దెకు దిగిన గదికి నాలుగు వైపులా టేకు పలకలే. ఇంటాయన అమీర్ అలీ వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొట్టించాడు. అప్పట్లో అది దర్జా. ఇప్పుడు పట్టపగలు కూడా పెట్టెలో కూర్చున్నట్టుంటుంది. తెల్ల రంగు వేస్తే ఒక్క రోజులో తేలిపోయే పనే, కానీ కూతురు, ఏడేళ్ల భవానికి ఆయాసం. రంగు వాసన తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి.

ఆరు రోజులు గుండ్లపోచంపల్లి గోదాములో నిలబడి పెట్టెలు కట్టే సుచిత్రకు ఆదివారం నడుం వాల్చాలని ఉంటుంది. వాల్చనిస్తేగా! ఆ చీకటి గదిలో పడుకోనంటే పడుకోనని పిల్ల మొండికేసింది. సుచిత్ర కొంగు బిగించి కిటికీకి తెల్ల తెరలు కట్టింది, ఎదుటి గోడకు పెద్ద అద్దం తగిలించింది, నేల మీద లేత రంగు చాప పరిచింది. చివరికి తడిగుడ్డతో పలకలు తుడిచింది. గుడ్డ నల్లబడే కొద్దీ చెక్క తేనె రంగుకు తిరిగింది, గది ముఖం కడుక్కున్నట్టయింది. కిటికీ పక్క పలక మీద మాత్రం కత్తితో గీసిన అడ్డగీతలు బయటపడ్డాయి. ఒకదాని పైన ఒకటి, ఏడు.

చూసిపోదామని వచ్చిన ఇంటావిడ బషీరున్నీసా ఆ గీతలను కింది నుంచి పైకి ఒక్కొక్కటే వేలితో తడిమింది. మనవరాలు నౌరీన్ ఎత్తు ఏటేటా గీసేవారట. దానికీ ఆయాసమేనట. ఏడో గీత తర్వాత గీసే పని లేకపోయిందట.

"గవి ఉండనీ బేటీ," అని మాత్రం అని వెళ్లిపోయింది.

సుచిత్ర తడిగుడ్డను ఆ పలక మీది నుంచి తీసేసింది. భవాని మాత్రం నాకూ గియ్యమని కాళ్లకు అడ్డం పడింది. కాదని వాదించే ఓపిక లేక, పిల్లను అక్కడే నిలబెట్టి పెన్సిల్‌తో గీసింది. గీత సరిగ్గా ఏడోదాని పక్కన పడింది.

సాయంత్రం వాన పట్టుకుంది, కరెంటు పోయింది. తడి చెక్క వాసన గదంతా కమ్ముకుంది. పలకల ముందు చాప మీద భవాని నిద్రపోయింది. తలుపు దగ్గర కూర్చున్న సుచిత్రకూ రెప్పలు మూతపడుతున్నాయి.

అప్పుడు వినిపించాయి... పిల్లికూతలు.

ఇన్‌హేలర్ పట్టుకుని తడుముకుంటూ వెళ్లింది. పిల్ల ఛాతీకి చెవి ఆనించింది. నిమ్మళంగా ఉంది. కూతలు మాత్రం ఆగలేదు. పలక వెనక నుంచి వస్తున్నాయి.

చీకట్లోనే పిల్లను దాటి వెళ్లి పలకకు చెవి పెట్టింది. అవతల ఎవరో ఊపిరి లాగుతున్నారు... అందడం లేదు... మళ్లీ లాగుతున్నారు... ఒక్కసారిగా ఆగిపోయింది.

"అమ్మా," కింద నుంచి భవాని గుసగుస. "నన్ను దాటినవ్."

దాటితే పిల్లలు ఎదగరని, వెంటనే వెనక్కి దాటాలని సుచిత్రకు తెలుసు. ఈ ఒక్క విషయంలో తన అవ్వ ఎవర్నీ వదిలేది కాదు. కానీ మళ్లీ కాలెత్తి దాటే ఓపిక లేకపోయింది. అలసటో భయమో తనకే తెలియలేదు.

"పొద్దుగాల దాటుత బిడ్డా," అని గొణిగింది. చుట్టూ తిరిగి వచ్చి, పిల్లను ఎత్తుకుని వరండాలోకి పోయి పడుకుంది.

తెల్లారి చూస్తే ఏడో గీతకు పైన ఎనిమిదోది ఉంది. ఇప్పుడే కోసినంత పచ్చిగా. చాప మీద చెక్కపొట్టు రాలి ఉంది. భవానిని నిలబెట్టి చూసింది. పిల్ల తల పెన్సిల్ గీతకు రెండు వేళ్ల కిందికి వచ్చింది. తప్పు గీశానేమో అనుకుని మూడుసార్లు కొలిచింది. తప్పు కాదు.

భయం కంటే ముందు ఏడుపొచ్చింది. ఒక్క అడుగు. ఆ ఒక్క అడుగు వెనక్కి వేసే ఓపిక లేకపోయింది తనకు.

పిల్లను నిన్నటిలాగే చాప మీద పడుకోబెట్టింది. తను పలకకు వీపు ఆనించి నిలబడి, అటు నుంచి ఇటు దాటింది. ఎదురుగా అద్దం.

"ఇగ లేవనా?" అంది భవాని.

సుచిత్ర తల ఎత్తింది. అద్దంలో, వెనక పలక మీది గీతలు లెక్కపెడుతోంది. తొమ్మిదోది తన భుజం ఎత్తున ఉంది.

చెయ్యి మెల్లగా భుజం మీదికి పోయింది. అక్కడ పొట్టు ఉంది. వేళ్లకు ఇంకా వెచ్చగా తగిలింది.