సాక్స్ తీయమన్న అమ్మాయి

పెళ్లిచూపుల్లో స్పందన కాఫీ అయితే ఇచ్చింది గానీ శివకృష్ణ ముఖం చూడలేదు. అతని ఎడమకాలి వైపే చూసింది.

"ఆ సాక్స్ తీయండి" అంది.

పెనుకొండలోని ఆ ఇంట్లో అందరి చేతుల్లో కప్పులు ఆగిపోయాయి.

శివకృష్ణది ధర్మవరంలో చీరల అంగడి. మూడు వారాల కిందట పై అరలోంచి చీరలు దించుతూ నిచ్చెన మీంచి పడి మడమ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. కుట్ల దగ్గర చర్మం నల్లబడి చీము పడుతున్నా, ఈ సంబంధం తప్పిపోతుందని ఎవరికీ చెప్పలేదు. సాక్స్ మీద అరసీసా సెంటు పోసుకొని, చంకకర్రలతో వచ్చాడు.

"పెళ్లికూతురు పెళ్లికొడుకు కాళ్లు చూసేది యాడైనా ఉండాదా తల్లీ?" అంది అతని తల్లి సరస్వతమ్మ.

"నేను హిందూపురంలో ఎముకల వార్డు నర్సునమ్మా. ఈ సెంటు కింద చీము వాసన వస్తాంది."

"అది కొత్త రకం సెంటు" అన్నాడు శివకృష్ణ.

స్పందన తానే వంగి సాక్స్ లాగేసింది. సరస్వతమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"జ్వరం వస్తాందా?"

"మిమ్మల్ని చూసినప్పటినుంచి."

"ఇన్ఫెక్షన్ ఎముకకు పోతే కాలే పోతుంది. జోకులు కార్లో చెప్పండి. లేయండి!"

పెళ్లివారి కారు నేరుగా హిందూపురం ఆసుపత్రికి పోయింది.

పుండు శుభ్రం చేయడానికి మళ్లీ ఆపరేషన్. ఆరు వారాలు మందులు, డ్రెస్సింగులు. కట్టు మార్చినప్పుడల్లా స్పందన తిట్టేది. ఆమెకు సెలవున్న రోజు ఆ తిట్లు లేక శివకృష్ణకు అన్నం సహించేది కాదు.

పాదం పక్కన పెన్ను మూతతో గుచ్చి, "తెలుస్తాందా?" అనేది.

"లేదు. ఇంకోసారి చూడండి" అనేవాడు.

చివరికి పుండు మానింది. ఆ రోజు మాత్రం అతను నవ్వకుండా మాట్లాడాడు.

"స్పందనా, పాదం పక్క స్పర్శ ఇంక రాకపోవచ్చంట. మడమ బిగుసుకుపోయింది. గతుకుల్లో కుంటుతా. నేనంటే మీకిష్టమున్నా, ఇది తెలిసినాకే చెప్పండి. నాకైతే మీరంటే శానా ఇష్టం."

స్పందన చేతిలో కత్తెర ఆగింది.

"ఇది నేను అడక్కముందే చెప్పినారు."

"ఊ."

"దాచిపెడతారేమోనని ఆరు వారాలుగా భయపడతాండా." ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి గొంతు పెంచింది. "ఇంకేం చూస్తాండారు? మా నాయనకు ఫోన్ చేయండి!"

మంచం పక్కన కట్టిన తెర అవతలినుంచి సరస్వతమ్మ కసిరింది.

"గట్టిగా మాట్లాడొద్దండి, ఈడ మీ నాయనకు రింగవుతాండాది!"