మేనమామకు కబురు

"మా అమ్మమ్మ మంచం ఎందుకు మార్చారు?"

గంజి గిన్నెతో వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది అతుపెలె.

"జరగండి, రౌండ్స్ టైం," అన్నాడు నర్సు లింబని.

"చెప్పందే జరగను. నిన్న కిటికీ పక్కన ఉంది. ఇవాళ మీ టేబుల్ పక్కన ఎందుకుంది?"

"నా కళ్లెదుట ఉండాలని."

"మీ కళ్లేమన్నా మందా?"

వార్డంతా కిసుక్కున నవ్వింది. కోపం రావలసినవాడు కాస్తా, "గంజి ఒలుకుతోంది, చూసుకోండి," అన్నాడు.

అతుపెలెకు నవ్వు రాలేదు. సోమవారం ఇదే మంచం మీదున్న ముసలమ్మ మనవరాలితో నర్సులు, "మీ మేనమామను పిలిపించమ్మా," అన్నారు. సాయంత్రానికి మంచం ఖాళీ. వాళ్ల ఆచారంలో ఏ ఇంట్లో ఏ పెద్ద కబురైనా ముందు మేనమామ చెవినే పడాలి. అందుకే రోగుల తోడు వచ్చి ఆసుపత్రి షెడ్డులో వండుకునే ఆడవాళ్లు, వార్డులో ఆ మాట వినిపిస్తే చాలు, గరిట తిప్పడం ఆపేస్తారు.

అమ్మమ్మకు న్యుమోనియా. ఆక్సిజన్ మెషిన్ మీదే ఊపిరి. అమ్మ పోయాక అతుపెలెను "తిన్నావా?" అని అడిగే మనిషి ఆవిడొక్కతే.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషిన్ ఆగింది. అతుపెలెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కేక వేసేలోగా లింబని సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చేశాడు. టేబుల్ దగ్గర్నుంచి నాలుగే అడుగులు మరి! అమ్మమ్మ ఊపిరి కుదుటపడేదాకా కదల్లేదు. 'అందుకే మార్చాను' అని దెప్పిపొడుస్తాడనుకుంది అతుపెలె.

"మీరు తిన్నారా?" అన్నాడు.

ఆ రోజు నుంచి అతను వస్తే గొడవ, రాకపోతే గుమ్మం వైపు చూపులు.

"ఇంజెక్షన్ పది నిమిషాలు లేటు!"

"మీ వాచీ పది నిమిషాలు ఫాస్టు."

కానీ అమ్మమ్మకు మెషిన్ అవసరం తగ్గుతున్నా భయం వదల్లేదు. రోజూ పొద్దున్నే గంజి తెస్తూ ముందు ఆ మంచం వైపే చూసేది.

ఏడో రోజు లింబని గుమ్మంలోనే ఎదురయ్యాడు. ముఖాన చెమటలు. కళ్లెత్తి చూడలేదు.

"మీ మేనమామ ఎక్కడుంటారు? ఒకసారి..."

గిన్నె జారిపోయింది. అతుపెలె లోపలికి పరుగెత్తింది. మంచం ఖాళీ. దుప్పటి కూడా తీసేశారు. అక్కడే కూలబడింది.

"అయ్యో, అది కాదండీ!" వెనకాలే పరుగెత్తుకొచ్చాడు లింబని. "డిశ్చార్జ్ చేశాం! వరండాలో ఉన్నారు!"

వరండాలో ఎండకు కూర్చుని, మూట కట్టుకుంటోంది అమ్మమ్మ. "గంజేదే?"

అతుపెలె ఆవిడను వాటేసుకుని భోరుమంది. "మరి మేనమామ ఎందుకు?"

"మేనమామను కాక పిల్లనిమ్మని ఎవర్ని అడుగుతాడే, పిచ్చిమొహమా!"

లింబని చెవులదాకా సిగ్గుపడ్డాడు. "ఆవిడ నా పేషెంటుగా ఉన్నన్నాళ్లూ అడగకూడదని ఆగాను. మీకిష్టమైతేనే..."

"అడిగే తీరు అదా? చచ్చి బతికాను!"

"తప్పయింది. అడ్రస్ ఇవ్వరా?"

అతుపెలె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అమ్మమ్మ చేయి మాత్రం వదల్లేదు.

"జోంబాలో, బస్టాండ్ వెనక సైకిల్ షాపు. గుమ్మంలోకి వెళ్లగానే 'మీ అమ్మ బాగుంది' అని చెప్పండి. మీ సంగతి ఆ తర్వాతే."