ఏసీ తగ్గించు, డ్రైవర్!

"పెళ్లాం మీద నిఘా వెయ్యమంటున్నారా సార్?" అన్నాడు ఏజెంట్ క్లచ్.

"నిఘా కాదయ్యా, డ్రైవింగు." చీఫ్ ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు.

ఫోటోలో తెల్లసూటు వేసుకున్న విదేశీ ముఠా నాయకుడు. అందరూ అతన్ని దొర అంటారు. అతని భుజం మీద వాలి నవ్వుతున్నది క్లచ్ భార్య. డిపార్ట్‌మెంటులో ఆమె పేరు నెమలి. కొన్ని నెలలుగా ఆ ముఠాలో దొర ప్రియురాలిగా నటిస్తోంది. నటిస్తోందనే క్లచ్ తనకు తాను చెప్పుకుంటున్నాడు.

"రేపు మధ్యాహ్నం వీడు రాడార్ ల్యాబులోంచి ఒక పెట్టె కొట్టేస్తాడు. అది ఓడెక్కిందా, మన సరిహద్దు వాడి గుప్పిట్లో ఉన్నట్టే. వాళ్లు కుదుర్చుకున్న డ్రైవర్ని లోపలేశాం. ఆ సీట్లో నువ్వు కూర్చుంటావ్. చౌరస్తాలో ఎడమకి రేవు, కుడికి కార్ వాష్. కార్ వాష్‌లో మనవాళ్లుంటారు. పెట్టె కార్లోనే ఉంటే నెమలి 'ఏసీ పెంచు' అంటుంది. కుడికి తిప్పెయ్. 'తగ్గించు' అంటే చేతిలో ఉన్నది డొల్ల పెట్టె, అసలుది వెనకాల వస్తోందని. అనుమానం రాకుండా రేవులో దింపెయ్."

"అసలు ఆవిడ మనవైపే ఉందంటారా?"

చీఫ్ ఫ్యాన్ వంక చూశాడు. "నీ భార్య. నువ్వే చెప్పాలి."

క్లచ్ ఫోటోని బోర్లా తిప్పేశాడు.

మర్నాడు పెట్టుడు మీసం, బంగారు పన్ను, నల్ల కళ్లద్దాలతో ల్యాబు వెనక గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు. అలారం మోగింది. దొర, నెమలి పరుగున వచ్చి వెనక సీట్లో పడ్డారు. దొర ఒళ్లో పెట్టె.

"పోనీ!"

కారు ఎగిరింది. విషయం తెలియని పోలీసు జీపులు వెంటపడ్డాయి. క్లచ్ ఒక సందులోకి రివర్సులో దూరి, గోడకీ కారుకీ మధ్య చెయ్యి పట్టనంత జాగాలోంచి అవతలి రోడ్డు మీదికి తేలాడు. జీపులు సందు మొదట్లోనే ఇరుక్కుపోయాయి.

"శభాష్ డ్రైవర్!" అన్నాడు దొర, స్వచ్ఛమైన తెలుగులో. "మొహం కూడా చేతుల్లా బావుంటే ఈవిడ ముందు సీట్లోనే కూర్చునేది."

నెమలి పకపకా నవ్వింది.

క్లచ్ ఒళ్లు మండిపోయింది. ఇంట్లో తను జోకేస్తే "అయిపోయిందా?" అంటుంది. ఈ తెల్లసూటు వెధవకి మాత్రం ముత్యాలు రాలుస్తోంది! అద్దంలో రోడ్డు చూడాల్సిన కళ్లు వెనక సీటుని వదలడం లేదు. దొర కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. ఆ చెయ్యి నెమలి నడుము దగ్గర ఉంది. తియ్యడేం? ఫెవికాల్ పెట్టి అంటించారా?

చౌరస్తా కనిపించింది. దూరంగా ఓడ కూత వేసింది.

"డ్రైవర్! ఉక్కపోస్తోంది. ఏసీ తగ్గించు," అంది నెమలి.

తగ్గించు. అంటే డొల్ల పెట్టె. క్లచ్ ఎడమ ఇండికేటర్ వేశాడు.

ఉక్కపోస్తే తగ్గించడమేమిటి?

పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే గొడవ. ఆమె తగ్గించమనేది డిగ్రీల నంబరు. అతను తగ్గించేది చల్లదనం. ఈ ముక్క మీద ఎన్నిసార్లు మాటలు మానుకున్నారో! దొరకి తెలుగు వచ్చు గానీ ఆ ఇంటి తెలుగు ఎక్కడొస్తుంది? ఆమె డ్రైవర్‌తో మాట్లాడటం లేదు. మొగుడితో మాట్లాడుతోంది. ఆమె 'తగ్గించు' అంటే అతని లెక్కలో 'పెంచు', పెట్టె కార్లోనే ఉంది!

క్లచ్ ఈసారి అద్దంలోకి అసూయ లేకుండా చూశాడు. కోటు కింద పిస్తోలు గొట్టం మెరిసింది. నెమలి సీటు బెల్టు పెట్టుకుని ఉంది. దొర పెట్టుకోలేదు.

బ్రేకు మీద నిలబడ్డాడు. దొర నుదురు ముందు సీటుకి గుద్దుకుంది, పిస్తోలు జారి సీటు కిందికి పోయింది. గేరు నాబ్ మీద డిపార్ట్‌మెంటు పెట్టించిన మీట నొక్కితే తలుపులన్నీ బిగుసుకున్నాయి. టైర్లు కీచుమంటూ కారు కుడికి తిరిగి కార్ వాష్‌లోకి దూసుకుపోయింది. వెనక షట్టర్ దభాలున పడింది. దొర కిటికీ అద్దం దించి పెట్టెతో దూకబోయాడు. నెమలి కాలరు పట్టుకుని లాగింది. కిటికీలోంచి నీళ్లూ నురగా ఇద్దరి మీదా కురిశాయి.

మనవాళ్లు దొరని సబ్బునురగతో సహా జీపెక్కించారు. పెట్టె చీఫ్ చేతికి చేరింది.

"పొద్దున్నే కోడ్ వాడికి తెలిసిపోయిందండీ," అంది నెమలి, ముందు సీట్లోకి వచ్చి కూర్చుంటూ. "తగ్గించమనకపోతే కాల్చేస్తానన్నాడు. మన డిపార్ట్‌మెంటు డ్రైవరే తనని ఓడెక్కిస్తాడని ఒకటే మురిసిపోయాడు."

"అదంతా సరే. వాడి జోకుకి అంత నవ్వాలా?"

"నడుముకి పిస్తోలు ఆనించి చెబితే ఎవరైనా నవ్వుతారు. మీరెప్పుడైనా అలా చెప్పి చూశారా? ముందు ఆ ఏసీ పెంచండి, తడిసి చలికి చస్తున్నాను."

క్లచ్ వెంటనే తగ్గించాడు.